గడ్డ పండుతుంది, కణితి పండదు



ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి గారి స్మృతికి అంకితమైన ఉపన్యాసం ఇది. 1928లో ఒంగోలులో పుట్టి, 2012లో హైదరాబాదులో కన్నుమూసిన ఆ మహనీయుడు తెలుగుకు చేసిన పనిలో రెండింటిని మాత్రం ఈ పూట తలుచుకుంటాను. ఒకటి, 1961లో అచ్చయిన ‘తెలుగు వెర్బల్ బేసెస్’. తెలుగు క్రియాధాతువుల పుట్టుపూర్వోత్తరాలను సోదర ద్రావిడ భాషలతో పోల్చి తేల్చిన గ్రంథమది. రెండోది, ఆ మరుసటి సంవత్సరం ఆయన సంపాదకత్వంలో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం. వ్యవసాయానికి సంబంధించిన మాటలను పుస్తకాల నుంచి కాకుండా రైతుల నోటి నుంచి ఏరి, ఏ మాట ఏ ప్రాంతానిదో గుర్తుపెట్టి ముద్రించిన కోశం. ఒకటి ధాతువుల మీద, మరొకటి నాగలి, కాడి, కల్లం వంటి మాటల మీద. పైకి ఈ రెండు పనులకూ పొంతన లేనట్టు కనిపిస్తుంది. తెలుగు మాటకు అర్థం ఎక్కడ నివసిస్తుందో తెలుసుకోవాలంటే రెండు దారులూ కలిసేచోట నిలబడాలని నా నమ్మకం. దాన్ని నిరూపించడానికి చాలా చిన్న విషయాన్ని ఎంచుకున్నాను. మన ఒంటి మీద లేచే గడ్డలకూ కురుపులకూ మన భాష పెట్టుకున్న పేర్లు.

1

ముందు మాటలు వినండి. గడ్డ, సెగగడ్డ, కురుపు, కణితి, కంతి, బొప్పి, బుడిపె, బిళ్ల, బొబ్బ, పొక్కు, దద్దురు, వాత, మొటిమ, పులిపిరి, కాయ, ఆనెకాయ, పేత, చెమటకాయ, ఉబ్బు, వాపు. గుర్తున్నవి చెప్పాను. మీ ఊళ్లలో వాడే మరో పది మీకు ఈపాటికే గుర్తొచ్చి ఉంటాయి. నిఘంటువులు వీటిని తరచు ఒకదానితో ఒకటి సరిపెడతాయి. గడ్డ దగ్గర కురుపు అని ఉంటుంది, కురుపు దగ్గరికి వెళితే పుండు అనో గడ్డ అనో ఉంటుంది. వెతికినవాడు బయల్దేరిన చోటికే తిరిగి వస్తాడు. ఆ మాటలన్నీ తెలిసినవాడికి ఈ అర్థాలు అక్కర్లేదు, తెలియనివాడికి ఇవి పనికిరావు. నిఘంటుకారులు శ్రమించలేదని నేను అనను. పద్యాన్ని విడమరిచి చెప్పడం కోసం పుట్టిన నిఘంటు సంప్రదాయం మనది. పద్యంలో యతి కుదరాలంటే ఒక మాటకు నాలుగు ప్రత్యామ్నాయాలు కావాలి. ఆ అవసరం తీర్చడానికి పర్యాయపదాల వరస సరిపోతుంది. ఒంట్లో బాగాలేని మనిషి పక్కన నిలబడ్డప్పుడు సరిపోదు.

ఇవి పర్యాయపదాలు కావని నా వాదన. అంతటితో ఆగితే కొత్తేమీ లేదు, నిజమైన పర్యాయపదాలు ఏ భాషలోనైనా అరుదే. నేను చెప్పదలచుకున్నది ఇంకో అడుగు ముందుది. ఈ మాటల మధ్య ఉన్న తేడాను తెలుగు నామవాచకంలో దాచలేదు, దాని పక్కన నడిచే క్రియలో దాచింది. అది ఏమిటి అన్న ప్రశ్నకు పేరు సగమే చెబుతుంది. అది ఎలా వచ్చింది, ఎన్నాళ్లుంటుంది, చివరికి ఏమవుతుంది అన్నవన్నీ క్రియ చెబుతుంది. మీరే మనసులో అనుకుని చూడండి. ‘బొప్పి పండింది’ అని ఎవరైనా అంటారా? ‘దద్దురు పగిలింది’ అంటారా? ‘కురుపు కాచింది’ అంటే మీ చెవి ఒప్పుకుంటుందా? ఒప్పుకోదు. ఆ నిరాకరణే ఈ ఉపన్యాసానికి ఆధారం.

2

దద్దుర్లతో మొదలుపెడదాం. దద్దుర్లు తేలతాయి. బెత్తంతో కొడితే వాతలూ తేలతాయి. తేలడమంటే నీటి మీద ఆకు తేలినట్టు పైకి రావడం. లోపల వేరు లేదు, ముద్ద లేదు, చర్మం మీదనే కనబడి చర్మంలోకే అణగిపోతుంది. తిన్నది పడకపోయినా, పురుగు ముట్టినా తేలే దద్దురు సాధారణంగా ఒక రోజు దాటకుండానే మాయమవుతుంది, మళ్లీ ఇంకోచోట తేలుతుంది. అది లేచిన చోట మచ్చ మిగలదు. ఈ స్వభావమంతా ‘తేలు’ అన్న క్రియ ఒక్కటే మోస్తోంది.

ఇక బొప్పి. గోడకు తల తగిలితే నుదుటి మీద బొప్పి కడుతుంది. అదే దెబ్బ తొడకు తగిలితే కమిలిపోతుందంటాం తప్ప బొప్పి కట్టిందనం. దెబ్బ ఒకటే, క్రియలు రెండు. చర్మం కింద చితికిన సన్నని నాళాల నుంచి రక్తం ఊరుతుంది. తొడలో అది మెత్తని కండలోకి ఇంకి పరుచుకుంటుంది. నుదుటి దగ్గర చర్మం కిందనే ఎముక ఉంది కాబట్టి లోపలికి పోయే దారి లేక పైకి పోగవుతుంది. పోగై నిలిచేదానికి మనం వాడే క్రియ ‘కట్టు’. చెరువులో నీరు కడుతుంది, నేతి గిన్నెలో నెయ్యి పేరుకుని గడ్డ కడుతుంది, నుదుట బొప్పి కడుతుంది. కాలికి పుండు పడితే గజ్జలో బిళ్ల కడుతుందని పల్లెలో ప్రతి అమ్మకూ తెలుసు. ఆ బిళ్లలు శరీరాన్ని కాపాడే లింఫు కణుపులనీ, కాలి నుంచి వచ్చే క్రిములను అవి అక్కడ అడ్డుకుంటున్నాయనీ వైద్యశాస్త్రం చెబుతుంది. పుండు ఒకచోట, బిళ్ల ఇంకోచోట అయినా రెండింటికీ చుట్టరికం ఉందని మాత్రం ఆ అమ్మ ఎప్పుడో గుర్తించింది. గుర్తించి, పుండుకు వాడిన క్రియను బిళ్లకు వాడలేదు. పుండు పడుతుంది, బిళ్ల కడుతుంది.

ఈ లెక్క మరీ స్పష్టంగా కనిపించేది అరచేతిలో. పార పట్టడం అలవాటు లేనివాడు ఒక పూట మట్టి తవ్వితే చేతులు బొబ్బలెక్కుతాయి. పదేళ్లుగా పార పట్టినవాడి చేతులు కాయలు కాస్తాయి. చెయ్యి ఒకటే, పార ఒకటే, రాపిడి ఒకటే. మొదటిదానిలో చర్మం పొరల మధ్య నీరు చేరుతుంది, వేలితో నొక్కితే కదులుతుంది, చితికితే మండుతుంది. రెండోదానిలో పై పొర ఏళ్ల తరబడి దళసరెక్కి గట్టిపడుతుంది, సూదితో గుచ్చినా నొప్పి తెలియదు. ఎక్కడం గంటల్లో జరిగే పని. కాయడానికి కాలం పడుతుంది, చెట్టయినా చెయ్యయినా. ఎదురుచూపు చాలా రోజులైతే ‘కళ్లు కాయలు కాచాయి’ అంటాం. కంటి మీద కాయ కాయదని అందరికీ తెలుసు. ఆ జాతీయంలో మనకు కావలసింది కాయ కాదు, కాచడానికి పట్టిన కాలం. అక్కడ నామవాచకం ఊరికే నిలబడి ఉంది, బరువంతా క్రియ మోసింది.

మరికొన్నింటిని త్వరగా దాటేస్తాను. ఎండాకాలం ఒంటి మీద పేత పేలుతుంది. సన్నగా, లెక్కలేనన్నిగా, ఒక్కసారిగా రావడం పేలాలకూ పేతకూ ఉమ్మడి గుణం. మశూచి రోజుల్లో అమ్మవారు పోసిందనేవారు. తట్టు కూడా పోస్తుంది. పోయడమంటే కుండతో కుమ్మరించినట్టు ఒళ్లంతా కమ్మడం. పోసేది అమ్మవారు కాబట్టి రోగి కర్త కాడు, ఇల్లంతా ఆమెకు అణకువగా ఉండేది. మశూచి లోకం నుంచి పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో ప్రకటించింది. ఆ క్రియ మాత్రం ఇంకా మన నోళ్లలో ఉంది. పులిపిరి మొలుస్తుంది. చిన్న కాడతో, ఎవరూ నాటకుండానే.

కొన్ని పేర్లయితే నేరుగా క్రియల నుంచి దిగినవే. చూచు నుంచి చూపు, కాచు నుంచి కాపు వచ్చినట్టే వాచు నుంచి వాపు వచ్చింది. పొక్కు, ఉబ్బు, పొంగు క్రియలుగానూ చెల్లుతాయి, పేర్లుగానూ చెల్లుతాయి. ‘వాపును చూసి బలుపనుకున్నట్టు’ అన్న సామెతను ఈ కంటితో ఒకసారి చూడండి. చూపుకు రెండూ ఒకటే, ఒళ్లు పెద్దదైంది. ఒకటి వాచడం వల్ల, మరొకటి బలవడం వల్ల. ఆకారాన్ని చూసి పేరు పెట్టేవాడు మోసపోతాడనీ, అది ఎలా జరిగిందో అడిగేవాడు మోసపోడనీ ఆ సామెత కట్టినవాళ్లకు తెలుసు.

3

ఇప్పుడు అసలైన క్రియ దగ్గరికి వచ్చాం. పండడం.

గడ్డ అన్న మాటే నేల నుంచి వచ్చింది. మట్టిగడ్డ, మంచుగడ్డ, తెలంగాణలో ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, రాయలసీమలో గెనుసుగడ్డ. గట్టిపడి ముద్దయినది ఏదైనా గడ్డే. తమిళంలో ‘కట్టి’ అన్న మాటకు కూడా గట్టిపడిన ముద్ద, ఒంటి మీద లేచే గడ్డ అనే రెండర్థాలూ ఉన్నాయి. ఒంటి మీదికి ఎక్కేసరికి ఈ గడ్డ రైతు చేతిలోని దుంపలా ప్రవర్తించదు, పండులా ప్రవర్తిస్తుంది. మొదట పచ్చిగా ఉంటుంది. ముట్టుకుంటే గట్టిగా, వేడిగా, ఎర్రగా ఉంటుంది. రాత్రిళ్లు సలుపుతుంది. నాలుగైదు రోజులకు నడిమధ్య మెత్తబడుతుంది, మీది చర్మం పలచనై పసుపురంగు తిరుగుతుంది, అప్పుడు పండిందంటారు. తర్వాత పగులుతుంది, చీము పోతుంది, సలుపు తగ్గుతుంది, మానుతుంది. వెంట్రుక కుదురులోకి చేరిన క్రిములతో మన రక్తంలోని తెల్లకణాలు పోరాడి చచ్చిన చోటే ఆ చీము. ఎండాకాలంలో ఎక్కువగా వస్తాయి కాబట్టి సెగగడ్డలన్నారు. నింద సెగ మీద వేసినా, రుతువును మాత్రం సరిగ్గానే పట్టుకున్నారు. పచ్చి, పండు, పగులు, మాను. ఒక జబ్బు నడకను మొదటి నుంచి చివరి దాకా నాలుగు మాటల్లో చెప్పగల పరిభాష ఇది. చదువు రానివాళ్లు కూడా తప్పులేకుండా వాడే పరిభాష.

ఇది సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్నది కాదా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. సుశ్రుత సంహితలో వాపుకు మూడు దశలు చెప్పారు: ఆమం, పచ్యమానం, పక్వం. పచ్చిది, పండుతున్నది, పండినది. ఏ దశలో కత్తి పెట్టాలో, ఏ దశలో పెట్టకూడదో వైద్యుడికి తెలిసి ఉండాలని దానికోసం ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. పోలిక నిజమే. ఐతే తెలుగువాడు దీన్ని వైద్యగ్రంథం నుంచి నేర్చుకున్నాడనడానికి మాటల్లో సాక్ష్యం లేదు. మనం పక్వమైంది అని మాత్రమే అనడం లేదు, పండింది అంటున్నాం. తమిళులు కూడా కట్టి పండిందనే అంటారు, వాళ్ల సొంత క్రియ ‘పళు’తోనే. చేను చూసినవాళ్లందరికీ ఒళ్లు చూసినప్పుడు ఈ పోలిక తట్టడంలో ఆశ్చర్యమేముంది? శాస్త్రకారుడూ రైతూ ఒకే వస్తువును వేలితో నొక్కి చూసి ఒకే సంగతి చెప్పారు.

సుశ్రుత సంహితలోనే ఇంకో మాట ఉంది. నా వాదనకు అది ప్రాణం. గడ్డల్లో ‘అర్బుదం’ అనే రకాన్ని వర్ణిస్తూ, అది నెమ్మదిగా పెరుగుతుంది, లోతుగా పాతుకుంటుంది, పక్వానికి రాదు అన్నారు. పండనిది. దాన్ని మిగతావాటి నుంచి విడదీయడానికి ఆకారంతో పాటు ఈ లక్షణాన్నీ చెప్పారు. తెలుగులో ఈ జాగాలో నిలబడే మాట కణితి, కొన్నిచోట్ల కంతి. కణితి పెరుగుతుంది. ఏళ్ల తరబడి ఉండిపోతుంది, కొన్నిసార్లు కదులుతుంది, కొన్నిసార్లు కదలదు. కొవ్వు కణితి వంటివి ఏ హానీ చేయకుండా బతికినన్నాళ్లూ మనతోనే ఉంటాయి. కణితి చేయని పని ఒక్కటే, పండడం. ‘కణితి పండింది’ అన్న వాక్యం తెలుగులో పుట్టలేదు.

4

ఇక ఆక్షేపణలు. మొదటిది మాండలికాలది. ఒక ప్రాంతంలో కురుపు అన్నదాన్ని ఇంకో ప్రాంతంలో గడ్డ అంటారు, ఒకరి బొప్పి ఇంకొకరి బుడిపె. మాటలే ఇలా జారుతుంటే వాటి మధ్య గీతలు గీయడం ఎలా? తెలుగు నేలను నాలుగు మాండలిక మండలాలుగా విడదీసి చూపిన పండితుడి స్మారకసభలో ఈ ఆక్షేపణను తేలిగ్గా తీసుకోలేం. కానీ జారుతున్నది ఏమిటో గమనించండి. పేరు జారుతోంది. కురుపు అన్నా గడ్డ అన్నా అది పండి పగిలేదైతే ‘పండు’ అన్న క్రియే వస్తుంది. బొప్పి అన్నా బుడిపె అన్నా దెబ్బ తగిలి వచ్చినదైతే కట్టడమే. ఉల్లిగడ్డ ఉల్లిపాయగా మారే చోట కూడా చేను పండడం మారదు. పేరు కన్నా క్రియ గట్టి పునాది అనడానికి నాకు ఇంతకన్నా మంచి సాక్ష్యం అక్కర్లేదు.

రెండోది, వాడుక అంత కచ్చితంగా ఉండదన్న ఆక్షేపణ. ‘గడ్డ లేచింది’, ‘కురుపు లేచింది’, ‘పులిపిరి లేచింది’ అని అన్నింటికీ లేవడం వాడుతున్నారు కదా, ‘వచ్చింది’ అయితే మరీ దేనికైనా చెల్లుతుంది కదా అంటారు. నిజమే. లేచు, వచ్చు మొదటి రోజు మాటలు. ఏదో ఉబ్బింది, అదేమిటో ఇంకా తెలియదు. తెలియనప్పుడు భాష కూడా తొందరపడి తేల్చదు. రెండో వారంలో ఏ క్రియ వస్తుందన్నదే అసలు పరీక్ష. కరిగిందా, అణగిందా, పండిందా, గట్టిపడిందా, పెరుగుతోందా? వైద్యుడు అడిగే ప్రశ్నలు కూడా ఇవే. ఎప్పుడు చూసుకున్నారు, పెరుగుతోందా, నొప్పి ఉందా, కదులుతోందా? ఆయన అడుగుతున్నవన్నీ క్రియలే.

మూడోది అన్నింటికన్నా బరువైనది. జనం మాటలు రోగనిర్ధారణ చేయలేవు, వాటిని నమ్ముకుంటే ప్రాణం మీదికి వస్తుంది అన్నది. దీన్ని కాదనను. జనం మాట తప్పుదారి పట్టించిన సందర్భాలున్నాయి. వీపు మీద లేచే పెద్ద కురుపునూ రాచపుండు, రాచకురుపు అన్నారు, కాన్సర్‌నూ అన్నారు. రెండూ భయంకరమైనవే, అంతకుమించి వాటికి పోలిక లేదు. గజ్జలో కట్టే బిళ్ల లింఫు కణుపు, గవదబిళ్లలు ఉబ్బేది లాలాజల గ్రంథి. రెండింటినీ బిళ్లలే అన్నాం, చేతికి తగిలే తీరు ఒకటే కాబట్టి. వేలికి అందినదే ఈ పదజాలానికి తెలుసు. వేలికి అందనిది తెలియదు. అది దాని హద్దు, దాన్ని ఒప్పుకోవాలి.

5

ఐతే ఆ మూడో ఆక్షేపణలోనే నేను ఈ సభ దృష్టికి తేవాలనుకున్న అసలు విషయం ఉంది. ఆరోగ్య ప్రచారంలో, పత్రికల్లో, అనువాదాల్లో ఈనాడు ఎక్కువగా కనిపించే మాట ‘రొమ్ములో గడ్డ’. ఆ మాట అందరికీ అర్థమవుతుంది, అందుకే వాడుతున్నారు. కానీ అది ఒంటరిగా రాదు, తన క్రియను వెంటపెట్టుకుని వస్తుంది. గడ్డ అనగానే తెలుగు మనసు పండడం కోసం ఎదురుచూస్తుంది. సలపాలి, ఎర్రబడాలి, మెత్తబడాలి, పగలాలి. ఇవేవీ జరగకపోతే, నొప్పే లేకపోతే, అది పెద్ద విషయం కాదనిపిస్తుంది. పచ్చిగడ్డను ముట్టుకోకూడదు, పండేదాకా ఆగాలి అన్నది సెగగడ్డ విషయంలో తరతరాల వివేకం. అదే వివేకం ఇక్కడ ప్రమాదం. రొమ్ములో తగిలే ముద్దల్లో ఎక్కువ భాగం కాన్సర్ కావు, దానికి బెంబేలెత్తనక్కర్లేదు. ఐతే కాన్సర్ అయినవి మొదట్లో చాలావరకు నొప్పి లేకుండానే ఉంటాయి. నొప్పి కోసం ఆగిన స్త్రీ పోగొట్టుకున్న నెలలకు ఒక్క మాట మాత్రమే కారణమని నేను అనను. డబ్బు, దూరం, సిగ్గు, ఇంటి పని, ఎన్నో ఉన్నాయి. కానీ మాట మన చేతిలో ఉంది. దాన్ని మార్చడానికి ఖర్చు లేదు.

గడ్డ అన్న మాటను తీసేయమని నా ఉద్దేశం కాదు. తీసేస్తే కణితి తెలియనివాళ్లకు ఏమీ అర్థం కాదు. క్రియను కూడా చెప్పమంటున్నాను. ‘రొమ్ములో గడ్డ ఉంటే చూపించుకోండి’ అనే బదులు, ‘నొప్పి లేకపోయినా సరే, పండకుండా అలాగే ఉండిపోయిన గడ్డ, పెరుగుతున్న గడ్డ ఏదైనా తగిలితే వెంటనే చూపించుకోండి, దీన్నే కణితి అంటారు’ అని రాస్తే చాలు. వాక్యం పొడుగైంది, ఒప్పుకుంటాను. ఆ పొడుగులో ఉన్నదంతా పల్లెలో వాడే మాటలే. చదివి వినిపిస్తే ఎవరూ అర్థం అడగరు. చంకలో బిళ్ల కట్టడం కూడా అందులో చేర్చవచ్చు, రొమ్ము జబ్బు అక్కడికి పాకినప్పుడు కూడా బిళ్ల కడుతుంది. కాలి పుండుకూ గజ్జలో బిళ్లకూ చుట్టరికం తెలిసిన అమ్మకు ఇది తేలిగ్గానే ఎక్కుతుంది.

నిఘంటుకారులకు కూడా ఒక విన్నపం. వృత్తి పదకోశం వ్యవసాయంతో మొదలై, 1971లో చేనేతకు వెళ్లింది. ఒంటికి సంబంధించిన మాటల కోశం అదే పద్ధతిలో, ఊరూరా తిరిగి, మంత్రసానులనూ కట్టుకట్టేవాళ్లనూ పిల్లల్ని పెంచిన అమ్మమ్మల్నీ అడిగి తయారు చేయదగ్గది. అడిగేటప్పుడు ‘దీన్ని మీరేమంటారు’ అన్న ప్రశ్న దగ్గర ఆగకుండా, ‘అది ఏం చేస్తుంది’ అని కూడా అడగాలి. అప్పుడు ఆరోపాలు, అంటే కోశంలో ఒక్కో మాట కింద ఇచ్చే వివరాలు, ఈ మాదిరిగా అచ్చవుతాయి. దద్దురు: తేలును, అణగును. బొప్పి: కట్టును, కరుగును. బొబ్బ: ఎక్కును, చితుకును. కాయ: కాచును, రాపిడి ఆగితే మెల్లగా అరుగును. గడ్డ: లేచును, సలుపును, పండును, పగులును, మానును. కణితి: పెరుగును. ఆ చివరి ఆరోపంలో ఒకే క్రియ ఉండడం అచ్చుతప్పు కాదని, దాని కింద ఒక పంక్తి ఖాళీగా వదిలి చూపించాలి.